పెదవి దాటిన పోస్టు

పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. నోటి మాటకే అంత వేగం ఉంటే, ఫోనులో టైపు చేసి 'పోస్ట్' మీట నొక్కిన మాట సంగతి చెప్పేదేముంది! రాత్రి పదకొండింటికి ఏదో ఆవేశంలో నాలుగు ముక్కలు రాస్తాం. తెల్లారి కాఫీ తాగుతూ చూసుకుంటే 'అయ్యో, ఇలా రాశానేంటి' అనిపిస్తుంది. చటుక్కున డిలీట్ కొట్టేస్తాం. పోస్టు మాయం. అమ్మయ్య అనుకుని ఆఫీసుకు వెళ్లిపోతాం.

నిజంగానే మాయమైందా?

ఒకే కంపెనీ నడిపే నెట్‌వర్కు అయితే, కనీసం వెళ్లి అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. కానీ 'ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరిదీ' అంటూ వచ్చిన వికేంద్రీకృత సోషల్ నెట్‌వర్కుల్లో గుమ్మం ఒకటి కాదు, వేలకు వేలు. 'నీ సమాచారాన్ని చెరిపేయమని అడిగే హక్కు నీకుంది' అంటోంది చట్టం. 'అడిగి చూస్తాను, అవతలివాళ్లు వింటారో లేదో నాకు తెలియదు' అంటోంది యంత్రం.

ఇదేదో కంప్యూటర్ చదువులు చదివినవాళ్ల గొడవలే అనుకుంటే పొరపాటు. వేధించే మనిషి నుంచి తప్పించుకుని ఊరు మారిన ఒక ఆడమనిషిని ఊహించుకోండి. పాత ఫొటోలో వెనక కనిపించే వీధి పేరు ఆమెకు ప్రాణాంతకం. పదహారేళ్ల వయసులో తెలిసీ తెలియక రాసిన రాత పాతికేళ్లకు ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎదురైతే ఆ కుర్రాడి పరిస్థితేంటి? చెరపడం కుదరకపోతే వాళ్లు ఎక్కడికి పోవాలి?

వేలం ప్రకటన తెచ్చిన తంటా

చెరిపేయమనే హక్కు గురించి మాట్లాడుకోవాలంటే ముందు స్పెయిన్ వెళ్లాలి. 1998లో అక్కడి 'లా వాన్‌గ్వార్డియా' అనే దినపత్రికలో రెండు చిన్న ప్రకటనలు వచ్చాయి. సామాజిక భద్రత బాకీల కింద మారియో కోస్తేహా గొంజాలెజ్ అనే ఆయన ఆస్తిని వేలం వేస్తున్నామన్నది వాటి సారాంశం. తర్వాత ఆ వ్యవహారం పరిష్కారమైంది. మామూలుగా అయితే ఆ కాగితాలు ఏ కిరాణా కొట్టులోనో పొట్లాలు కట్టడానికి పనికొచ్చి ఉండేవి. కానీ పత్రిక తన పాత సంచికలన్నిటినీ ఇంటర్నెట్‌లో పెట్టింది. పదేళ్లు దాటాక కూడా గూగుల్‌లో ఆయన పేరు కొడితే ఆ వేలం ప్రకటనే పైకి తేలేది.

2010లో ఆయన స్పెయిన్ డేటా రక్షణ సంస్థకు ఫిర్యాదు చేశారు. పత్రిక చట్టప్రకారమే ప్రచురించింది కాబట్టి దాని జోలికి వెళ్లబోమన్న ఆ సంస్థ, గూగుల్‌ను మాత్రం తప్పుపట్టింది. వివాదం ఐరోపా న్యాయస్థానం దాకా వెళ్లింది. 2014 మే 13న తీర్పు వచ్చింది. వ్యక్తి పేరుతో వెతికినప్పుడు కాలం చెల్లిన, ఇప్పుడు సంబంధం లేని సమాచారం కనిపిస్తుంటే ఆ లింకును తీసేయమని సెర్చ్ ఇంజిన్‌ను అడగొచ్చని న్యాయస్థానం తేల్చింది. 'మరుగునపడే హక్కు' అని ప్రపంచమంతా చెప్పుకుంటున్నది దీన్నే. విచిత్రం ఏమిటంటే, తన పాత బాకీని జనం మరిచిపోవాలని పోరాడిన ఆయన పేరే ఆ బాకీతో సహా న్యాయశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది.

ఈ కథలో గమనించాల్సింది ఇంకొకటుంది. ఆయనకు అడగడానికి ఒక పత్రిక ఉంది, ఒక గూగుల్ ఉంది. రెంటికీ చిరునామాలున్నాయి, లాయర్లున్నారు. న్యాయస్థానం ఆదేశిస్తే పాటించక తప్పదు.

చట్టం చేతిలో కర్ర

ఐరోపా సమాఖ్య ఆ హక్కును 2016లో చేసిన డేటా రక్షణ చట్టంలో అక్షరాలా రాసుకుంది. జీడీపీఆర్ అని పిలిచే ఆ చట్టం 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 17వ అధికరణం ప్రకారం, సమాచారాన్ని సేకరించిన అవసరం తీరిపోయినా, ఇచ్చిన సమ్మతిని మనిషి వెనక్కి తీసుకున్నా, దాన్ని చెరిపేయమని అడగొచ్చు. అడిగిన నెలలోగా జవాబివ్వాలి. వ్యవహారం క్లిష్టమైనదైతే ఇంకో రెండు నెలలు గడువు తీసుకోవచ్చు. మాట వినని సంస్థకు 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 4 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకూ జరిమానా వేయొచ్చు.

ఈ హక్కుకు హద్దులూ ఉన్నాయి. భావప్రకటన స్వేచ్ఛకు, ప్రజా ప్రయోజనానికి, కోర్టు వ్యవహారాలకు అవసరమైన సమాచారాన్ని చెరపమంటే కుదరదు. ఎన్నికల ముందు ఇచ్చిన హామీని గెలిచాక తుడిచేయమని నాయకుడు అడిగితే, 'అయ్యా, అది మీ సొంత విషయం కాదు' అని చెప్పడానికి చట్టంలో చోటుంది.

అదే అధికరణంలో రెండో పేరా ఒకటుంది. మన కథకు అదే ముఖ్యం. సమాచారాన్ని బహిరంగపరిచిన సంస్థ తన దగ్గరున్నది చెరిపేసి చేతులు దులుపుకుంటే చాలదు. ఆ సమాచారం కాపీలను, లింకులను పెట్టుకున్న మిగతావాళ్లకు కూడా 'ఈ మనిషి చెరిపేయమంటున్నాడు' అని తెలియజేయడానికి 'సహేతుకమైన చర్యలు' తీసుకోవాలి. అందుబాటులో ఉన్న సాంకేతికతను, అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకుని ఎంత చేయగలదో అంత చేయాలి. గమనించారా? తెలియజేయాలన్నారే కానీ, అవతలివాళ్ల చేత చెరిపించి తీరాలని అనలేదు.

జమీందారీ కాదు... పంచాయతీలు

ఫేస్‌బుక్‌నో, ట్విట్టర్‌నో పాతకాలపు జమీందారీతో పోల్చొచ్చు. ఊరంతా ఒకరిదే, రికార్డులన్నీ ఒకే దివాణంలో ఉంటాయి. వికేంద్రీకృత నెట్‌వర్కు అలా కాదు. ఊరికో పంచాయతీ, పంచాయతీకో దస్త్రాల గది. అయినా ఊళ్ల మధ్య రాకపోకలు మామూలే. ఒక ఊళ్లో చాటింపు వేస్తే చుట్టుపక్కల ఊళ్లలోనూ వినిపిస్తుంది.

జర్మనీకి చెందిన ఓయ్‌గెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన మాస్టోడాన్ ఇలాంటిదే. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ సొంత సర్వరు పెట్టుకోవచ్చు. ఒకదాని మీద ఖాతా ఉన్నవాళ్లు ఇంకోదాని మీద ఉన్నవాళ్లను అనుసరించొచ్చు. ఈ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 'యాక్టివిటీపబ్' అనే ఉమ్మడి భాష ఉంది. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ దాన్ని 2018 జనవరిలో అధికారికంగా ఆమోదించింది. ఈ సర్వర్లన్నీ కలిసిన లోకాన్ని 'ఫెడివర్స్' అంటున్నారు.

మనవాళ్లకూ ఇది కొత్తేం కాదు. 2019లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసింది. దానికి నిరసనగా బోలెడుమంది భారతీయులు మాస్టోడాన్‌లో ఖాతాలు తెరిచారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక ప్రపంచమంతటా వలస మొదలైంది. ఆ అక్టోబరు, నవంబరుల మధ్య నెలవారీ వాడకందార్లు సుమారు 3 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగారని రోచ్కోనే ప్రకటించారు. చివరికి మెటా కంపెనీ కూడా తన థ్రెడ్స్‌ను ఈ ఫెడివర్స్‌కు కలపడం మొదలుపెట్టింది.

ఒక్క యజమాని చెప్పుచేతల్లో ఉండక్కర్లేదన్నది ఈ వలసకు పెద్ద ఆకర్షణ. ప్రకటనల కోసం మనల్ని వెంటాడరు. ఒక సర్వరు నచ్చకపోతే ఇంకోదానికి మారొచ్చు. గోప్యత కోరుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? అయితే చెరపడం దగ్గరికి వచ్చేసరికి ఆ సుగుణమే అడ్డం తిరుగుతోంది.

'దయచేసి' అనే మీట

మీ సర్వరులో మీరొక పోస్టు పెట్టారనుకోండి. మిమ్మల్ని అనుసరించేవాళ్లు రెండొందల సర్వర్లలో ఉంటే, ఆ పోస్టు కాపీ ఆ రెండొందల చోట్లకూ వెళ్తుంది. వాళ్లలో ఎవరైనా దాన్ని తిరిగి పంచితే మరిన్ని సర్వర్లకు చేరుతుంది. ఫొటో ఉంటే దాని నకలునూ చాలా సర్వర్లు తమ దగ్గర దాచుకుంటాయి.

ఇప్పుడు మీరు డిలీట్ నొక్కారు. మీ సర్వరులో పోస్టు పోయింది. అదే క్షణంలో తనకు తెలిసిన సర్వర్లకు మీ సర్వరు ఒక కబురు పంపుతుంది. 'ఫలానా నంబరు పోస్టును తొలగించారు, మీరూ తొలగించండి' అన్నది అందులోని విషయం. పోస్టు ఉన్నచోట ఒక గుర్తును మిగల్చవచ్చు కూడా. సాంకేతిక పత్రంలో దాని పేరు 'టూంబ్‌స్టోన్'. అంటే సమాధి రాయి. ఇక్కడ ఒకప్పుడు ఒక పోస్టు ఉండేది, ఇప్పుడు లేదు అని చెప్పడానికన్నమాట.

మంచి సర్వర్లన్నీ ఈ కబురు అందగానే తమ కాపీని తీసేస్తాయి. మామూలు సందర్భాల్లో సెకన్లలో పనైపోతుంది. కానీ ఏదైనా సర్వరు ఆ సమయానికి పనిచేయకపోతే? మీ సర్వరు కొన్నిసార్లు ప్రయత్నించి ఊరుకుంటుంది. పోస్టు ఎవరి ద్వారానో చేతులు మారి, మీ సర్వరుకు తెలియని చోటికి వెళ్లిపోతే? అక్కడికి కబురే వెళ్లదు. కబురు అందినా పట్టించుకోకుండా సాఫ్ట్‌వేర్‌ను మార్చుకున్నవాళ్లుంటే? చేసేదేమీ లేదు. ఒకసారి వేరే సర్వరుకు చేరిన దాన్ని బలవంతంగా తొలగించే మార్గం ఈ పద్ధతిలో లేదని యాక్టివిటీపబ్ ప్రమాణ పత్రమే ఒప్పుకుంటోంది. వెరసి మీరు నొక్కింది డిలీట్ మీట కాదు, 'దయచేసి' అనే మీట.

ఈమెయిల్ కూడా అంతే కదా అనొచ్చు. నిజమే, పంపిన ఉత్తరాన్ని వెనక్కి లాక్కోలేం. కానీ ఉత్తరం రాసేటప్పుడు ఎవరికి పంపుతున్నామో మనకు తెలుసు. సోషల్ నెట్‌వర్కులో రాసేవాళ్లు మాత్రం తమ ఇంటి గోడమీద రాసుకుంటున్నట్టే భావిస్తారు. నిజానికి వాళ్లు రాస్తున్నది ఊరూరికీ పంచే కరపత్రం.

సర్వరే మాయమైతే...

డిలీట్ కబురు ఎవరు పడితే వాళ్లు పంపితే కుదరదు. అలాగైతే గిట్టనివాళ్లు మన పోస్టులన్నీ తీయించేస్తారు. అందుకే ప్రతి కబురు మీదా ఆ ఖాతా తాలూకు డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం చేసే తాళంచెవి సొంత సర్వరు దగ్గరే ఉంటుంది. మరి ఆ సర్వరే మూతపడితే?

ఇది ఊహ కాదు. ఫెడివర్స్‌లో చాలా సర్వర్లను నడిపేది ఔత్సాహికులే. ఉద్యోగం చేసుకుంటూ, సొంత డబ్బో విరాళాలో పెట్టి నడుపుతుంటారు. ఓపిక అయిపోతే మూసేస్తారు. బాగా పేరున్న మాస్టోడాన్ డాట్ లోల్ సర్వరు 2023లో అలాగే మూతపడింది. ముందే చెప్పి మూశారు కాబట్టి జనం సర్దుకోగలిగారు. 2024 ఫిబ్రవరిలో క్వీర్ డాట్ ఏఎఫ్ అనే సర్వరుకు ఆ అవకాశమూ దక్కలేదు. 'డాట్ ఏఎఫ్' అఫ్గానిస్థాన్‌కు కేటాయించిన తోక. తాలిబన్ల ఏలుబడిలోని అక్కడి అధికారులు ఆ పేరును రద్దు చేసేశారు. సర్వరు చిరునామా గల్లంతయితే, దాని పేరుతో వెళ్లాల్సిన డిలీట్ కబుర్లను మిగతా సర్వర్లు సరిచూసుకునే దారి ఉండదు. వేరే ఊళ్లలోని కాపీలు మాత్రం ఎక్కడివక్కడే.

అమెరికాలో 2023 మేలో ఇంకో సంఘటన జరిగింది. ఒక మాస్టోడాన్ సర్వరు నిర్వాహకుల్లో ఒకరి ఇంట్లో, సర్వరుతో సంబంధం లేని వేరే కేసులో ఎఫ్‌బీఐ సోదాలు చేసింది. పట్టుకెళ్లిన పరికరాల్లో ఆ సర్వరు డేటాబేస్ కాపీ ఒకటి రహస్య సంకేతాల తాళం లేకుండా ఉంది. దాన్ని వాడేవాళ్ల ఈమెయిళ్లు, వాళ్లు ఒకరికొకరు పంపుకున్న సందేశాలు కూడా అందులో ఉన్నాయి. తమ పోస్టుల కాపీ ఎవరి ఇంట్లో ఏ బల్లమీద ఉందో వాడేవాళ్లలో ఎంతమందికి తెలిసి ఉంటుంది?

ఎవరిని అడగాలి?

చట్టానికి ఎప్పుడూ ఒక బాధ్యుడు కావాలి. సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిని జీడీపీఆర్ 'కంట్రోలర్' అంటుంది. ఫెడివర్స్‌లో ప్రతి సర్వరునూ విడివిడిగా కంట్రోలర్‌గా చూడాల్సి వస్తుంది. అంటే మీ పోస్టు రెండొందల చోట్ల ఉంటే, సిద్ధాంతరీత్యా రెండొందలమందికి అర్జీలు పెట్టుకోవాలన్నమాట. వాళ్లలో కొందరు ఐరోపాలో ఉంటారు, కొందరు జపాన్‌లో. అసలు పేరే చెప్పనివాళ్లు ఇంకొందరు.

ఇంట్లో సరదాగా సర్వరు పెట్టుకున్నవాళ్లకు కూడా ఇంత పెద్ద చట్టం వర్తిస్తుందా? పూర్తిగా వ్యక్తిగతమైన, ఇంటి అవసరాల కోసం చేసే పనులకు జీడీపీఆర్ మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ మినహాయింపు ఎంత ఇరుకైనదో పాత చట్టం కింద వచ్చిన ఒక తీర్పు చెబుతుంది. స్వీడన్‌లో బోడిల్ లిండ్‌క్విస్ట్ అనే ఆవిడ చర్చిలో స్వచ్ఛందంగా పనిచేసేవారు. 1998లో తన ఇంటి కంప్యూటరు మీద ఒక వెబ్ పేజీ తయారుచేసి, తోటివాళ్ల గురించి సరదాగా నాలుగు మాటలు రాశారు. ఒకామె కాలికి దెబ్బ తగిలిందని కూడా అందులో ఉంది. వాళ్లలో కొందరికి నచ్చలేదని తెలియగానే తీసేశారు. అయినా కేసు నడిచింది. ఎంతమంది చూస్తారో లెక్క లేని ఇంటర్నెట్‌లో పెట్టాక అది 'ఇంటి వ్యవహారం' కాదని ఐరోపా న్యాయస్థానం 2003 నవంబరులో చెప్పింది. ఆ లెక్కన ఐరోపాలో నలుగురికీ తెరిచి ఉంచిన సర్వరు నడిపేవాళ్లు 'మేం ఔత్సాహికులం' అని తప్పించుకోలేరు.

ఇందులో ఇంకో ముచ్చట. ఐరోపా డేటా రక్షణ పర్యవేక్షకుడి కార్యాలయమే 2022 ఏప్రిల్‌లో 'ఈయూ వాయిస్' పేరుతో ఒక మాస్టోడాన్ సర్వరు పెట్టింది. గోప్యతను గౌరవించే నెట్‌వర్కులను ప్రోత్సహించాలన్నది ఉద్దేశం. ప్రయోగాత్మకంగా మొదలైన దాన్ని, నడిపే బాధ్యత తీసుకోవడానికి వేరే సంస్థ దొరక్క 2024 మేలో మూసేశారు. చట్టాన్ని కాపాడేవాళ్లకే సర్వరు నడపడం భారమైతే, మామూలు ఔత్సాహికుల మాటేంటి?

రాతిమీద రాతలు

మాస్టోడాన్‌లో కనీసం డిలీట్ కబురైనా ఉంది. బ్లాక్‌చెయిన్ మీద నడిచే నెట్‌వర్కుల్లో పాత రాత చెరిగిపోకుండా ఉండటమే గొప్పగా చెప్పుకుంటారు. 2016లో మొదలైన స్టీమిట్‌లో పోస్టును మార్చినా, దాచినా పాత రూపం గొలుసులో ఉండిపోతుంది. 'చెరపడం సాంకేతికంగా కుదరదు' అన్న సాకు చెల్లదని ఐరోపా డేటా రక్షణ మండలి 2025 ఏప్రిల్‌లో విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. చెరపలేని చోట వ్యక్తిగత సమాచారాన్ని అసలు రాయొద్దన్నది దాని సలహా. తాటాకు మీద రాసింది కాలిపోతుంది, కాగితం మీద రాసింది చిరిగిపోతుంది. రాయి మీద చెక్కేముందు మాత్రం రెండుసార్లు ఆలోచించమని చెప్పడమే ఇది.

2024లో అందరికీ తలుపులు తెరిచిన బ్లూస్కైది ఇంకో దారి. అందులో బహిరంగ పోస్టులన్నీ ఒక ప్రవాహంలా పారుతుంటాయి. ఎవరైనా బిందె పెట్టి పట్టుకోవచ్చు. 2024 నవంబరులో అదే జరిగింది. కృత్రిమ మేధ పరిశోధనకు పనికొస్తాయని ఒకరు 10 లక్షల బ్లూస్కై పోస్టులను మూటగట్టి ఇంటర్నెట్‌లో పెట్టారు. వాడకందార్లు మండిపడటంతో తీసేశారు. తర్వాత ఇంకొకరు అంతకన్నా పెద్ద మూటే తెచ్చి పెట్టారు. పోస్టు రాసినవాళ్లు ఆ తర్వాత డిలీట్ కొట్టినా, అప్పటికే మూటలో చేరిన కాపీకి ఆ కబురు వెళ్లదు.

మన చట్టం మాటేంటి?

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. ఆ కేసుకు కారణమైన పిటిషనరు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్.పుట్టస్వామి. మనుషులు మరిచిపోతారు కానీ ఇంటర్నెట్ మరిచిపోదన్న సంగతి ఆ తీర్పులోనూ చర్చకొచ్చింది.

ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని 12వ సెక్షన్ సమాచారాన్ని సరిదిద్దమని, చెరిపేయమని అడిగే హక్కు ఇచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అయితే ఈ హక్కుతో సహా ముఖ్యమైన సెక్షన్లకు అప్పట్నుంచి 18 నెలల గడువు పెట్టారు. కొన్ని ఉల్లంఘనలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు మెలిక 3వ సెక్షన్‌లో ఉంది. మనిషి తనంతట తానే బహిరంగపరిచిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. సోషల్ మీడియాలో తన అభిప్రాయాలు రాసుకునే వ్యక్తినే చట్టం ఉదాహరణగా చూపించింది కూడా. అంటే ఐరోపాలోని మనిషి తాను నలుగురిలో పెట్టిన పోస్టును కూడా చెరిపేయమని చట్టాన్ని చూపించి అడగొచ్చు. అదే పని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న మనిషి చేయబోతే, 'నువ్వే కదా పెట్టావు' అని అవతలివాళ్లు ఈ సెక్షన్‌ను చూపించొచ్చు. ఖాతా కోసం ఇచ్చిన ఈమెయిలు, ఫోన్ నంబరు లాంటివి వేరే సంగతి. అవి బహిరంగం కాదు కాబట్టి హక్కు ఉంటుంది.

పెద్ద సోషల్ మీడియా సంస్థల విషయంలో ఇంకో నిబంధన ఉంది. మూడేళ్లపాటు వాడని ఖాతాల సమాచారాన్ని, 48 గంటల ముందు హెచ్చరించి చెరిపేయాలి. కానీ అది దేశంలో 2 కోట్లమంది నమోదైన వాడకందార్లున్న సంస్థలకే. నాలుగు వందలమందితో నడిచే చిన్న సర్వరుకు ఆ లెక్క తగలదు.

చేతిలో ఉన్నది చేద్దాం

చట్టమూ యంత్రమూ ఒక దారికి వచ్చేలోగా వాడేవాళ్లు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

* ఖాతా తెరిచేముందు ఆ సర్వరును ఎవరు నడుపుతున్నారు, ఏ దేశంలో ఉంది, గోప్యతా విధానం ఏమిటన్నవి చదవండి. నిర్వాహకుల చిరునామా లేని చోట ఇల్లు అద్దెకు తీసుకోకపోవడమే మంచిది.

* మాస్టోడాన్ సెట్టింగుల్లో పాత పోస్టులు వాటంతటవే తొలగిపోయే ఏర్పాటు ఉంది. ముందే పెట్టుకుంటే, పదేళ్ల చెత్తను ఒక్కరోజులో ఊడ్చుకునే అవస్థ తప్పుతుంది. ప్రొఫైలు సెర్చ్ ఇంజిన్లలో కనిపించకుండా చూసే వీలూ ఉంది.

* ఒకరికే పంపే సందేశం రహస్యమని నమ్మొద్దు. మాస్టోడాన్‌లో అవి రెండు వైపులా సర్వరు నిర్వాహకుల కంటబడే వీలుంది. బ్యాంకు వివరాలు, ఇంటి చిరునామా అక్కడ రాయొద్దు.

* సర్వరు మూసేస్తున్నామని ప్రకటిస్తే, అది బతికి ఉండగానే చెరపాల్సినవి చెరిపేయండి. వేరే సర్వరుకు ఖాతా మార్చుకుంటే అనుసరించేవాళ్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. అవి పాత ఊళ్లోనే ఉంటాయి.

* కాపీ ఇంకెక్కడో కనిపిస్తే ఆ సర్వరు నిర్వాహకులకు పోస్టు లింకుతో సహా మర్యాదగా రాయండి. ఔత్సాహికులు కాబట్టి చాలామంది మాట వింటారు. మీరు ఐరోపాలో ఉన్నా, సర్వరు ఐరోపాలో ఉన్నా 17వ అధికరణాన్ని ప్రస్తావించండి. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మన పిల్లలకూ ఆ హక్కు వర్తిస్తుంది. పౌరసత్వంతో పని లేదు.

* అశ్లీల చిత్రాలో, బెదిరింపులో అయితే విషయం వేరు. అది గోప్యత దాటి నేరం అవుతుంది. తొందరపడి అన్నీ చెరిపేయకుండా ముందు స్క్రీన్‌షాట్లు, లింకులు భద్రపరిచి పోలీసులకో, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో ఫిర్యాదు చేయాలి.

* పిల్లల ఫొటోలు పెట్టేముందు ఒక్క క్షణం ఆగండి. మన పోస్టుకు మనం బాధ్యులం. పదేళ్ల తర్వాత దాన్ని మోయాల్సింది మాత్రం వాళ్లు.

అడిగితే తీసేసే మర్యాద

ఈ సమస్యకు సాంకేతిక పరిష్కారం దొరికినా అది సగమే. సర్వర్లన్నీ డిలీట్ కబురును శిరసావహించినా, స్క్రీన్‌షాట్ తీసుకున్న మనిషి ఫోనులోకి ఏ కబురూ వెళ్లదు. మరోపక్క, చెరపడం మరీ సులువైతే నిన్న అన్నమాటను ఇవాళ అనలేదని బుకాయించేవాళ్లకు పండగే. అందుకే ఏది చెరపాలి, ఏది ఉంచాలన్నది ఎప్పటికప్పుడు మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సిన తగువు. కోస్తేహా కేసులో జరిగిందీ అదే. పత్రికలో ప్రకటన ఉండిపోయింది, పేరు కొట్టగానే ఎదురయ్యే దారి మాత్రం మూసుకుంది.

ఇరుగుపొరుగు ఊళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎవరింట్లోనో పదేళ్ల కిందట జరిగిన గొడవ అందరికీ తెలుసు. ఆ ఇంటి పిల్లకు సంబంధం చూడటానికి ఎవరైనా వస్తే మాత్రం ఆ సంగతి నోరెత్తేవారు కారు. మరిచిపోయి కాదు, మరిచినట్టు ఉండటం మర్యాద కాబట్టి. మరుపు మనిషికి వరమన్నారు. యంత్రానికి ఆ వరం లేదు. దానికి చట్టం కొంత నేర్పగలదు, ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇంకొంత నేర్పగలరు. మిగిలింది కాపీ ఎవరి చేతిలో ఉందో వాళ్ల పెద్దరికం. 'దయచేసి తీసేయండి' అన్న కబురు రేపు ఎవరి దగ్గర్నుంచైనా మన దగ్గరికే రావచ్చు. అప్పుడు మనం ఏం చేస్తామన్నదే అసలు సెట్టింగు.